నానమ్మ మంచెల మీద ఎండిన కాఫీ

మా ఇంట్లో కాఫీ కంటే ముందు చింతపండు ఉండేది. పాడేరు ఏజెన్సీలో మాఘమాసం వచ్చిందంటే ఏ ఊరి కళ్ళం చూసినా చింతకాయే. మగవాళ్ళు చెట్టెక్కి కొమ్మలు దులిపితే ఆడవాళ్ళూ పిల్లలూ ఏరి గంపలకెత్తేవాళ్ళు. తరవాత పెంకు కొట్టడం, ఈనెలు లాగడం, పిక్క తియ్యడం. ఈ పనంతా నానమ్మ చుట్టూ కూర్చుని చేసేవాళ్ళం. అసలు పని మాత్రం పిక్క తీశాకే మొదలవుతుందని ఆవిడ అనేది. చింతపండు జిగురు సరుకు. పల్చగా పరిచి ఎండనిస్తే ఎర్రగా, మెత్తగా ఏడాదంతా నిలవుంటుంది. కుప్పగా పోస్తే లోపల చెమ్మ నిలిచి నల్లబడుతుంది, పురుగు పడుతుంది. సంతలో సావుకారు గంపలోకి చెయ్యి పోనిచ్చి అడుగునున్న ముద్దని విప్పి చూసేది అందుకే.

నానమ్మకి ఎండబెట్టడం తెలుసు. ఇంత చిన్న మాటలో చెప్పేశాను గాని, అది తెలిసినవాళ్ళు తక్కువ. ఉడకబెట్టిన పసుపుకొమ్ము ఎన్ని ఎండలు తినాలి, పిప్పళ్ళు ఎప్పుడు నీడకి మార్చాలి, చోళ్ళు, అదే రాగులు, కళ్ళంలో ఎంతసేపు ఉండాలి, మంచు ఏ వేళకి దిగుతుంది, ఏ గాలికి వాన వస్తుంది, ఇవన్నీ ఆవిడకి వంట్లోనే ఉండేవి. మా కొండల్లో చలికాలం పొద్దున తొమ్మిదయినా మంచు విడవదు. చింతపల్లి, లంబసింగి వైపు చలి సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు, టూరిస్టులు దానికోసమే వస్తున్నారు. ఆ చలిలో, ఆ మంచులో, దొరికిన నాలుగైదు గంటల ఎండతోనే అన్నీ ఆరబెట్టుకోవాలి. మా తోట కాఫీకి ఇవాళ కాస్తో కూస్తో పేరుందంటే అందులో పెద్ద భాగం నానమ్మ చింతపండు దగ్గర నేర్చిన పనిదే అని నా గట్టి నమ్మకం. ఈ జ్ఞాపకం రాయడం కూడా అందుకే.

తాత కాఫీ మొక్కలు పెట్టింది తొంభైల్లో. అప్పటిదాకా మా వాలు మీద పోడే. చెట్టు కొట్టి, కాల్చి, సామలూ చోళ్ళూ కందులూ చల్లడం, నేల సారం తగ్గాక పక్క వాలుకి జరగడం. ఆ రోజుల్లో ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్ళు కాఫీ మొక్కలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ మొక్కలు ఇచ్చి పోడు మాన్పించాలని ఊరూరా తిరుగుతున్నారు. నిజానికి కాఫీ మన కొండలకి కొత్తేమీ కాదు. 1898లోనే బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి తూర్పు గోదావరి పాములేరు లోయలో నాటించాడు. 1960 నుంచి అటవీ శాఖ రిజర్వు ఫారెస్టులో వేల ఎకరాల్లో పెంచింది. మా ఊరి పెద్దల్లో చాలామంది ఆ తోటలకి కూలికి వెళ్ళినవాళ్ళే. కూలికెళ్ళి కోసిన పంట మన సొంత వాలు మీద కాస్తుందంటే ఎవరికీ నమ్మకం కుదరలేదు. పైగా మొక్క పెట్టాక మూడు నాలుగేళ్ళు ఆగాలి. అన్నేళ్ళు ఏం తినాలి?

తాత ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కున్నాడు. సగం వాలు పోడుకి ఉంచి సగం వాలులో గోతులు తీశాడు. మొక్కల మధ్య ఖాళీల్లో అల్లం, పసుపు వేశాడు. సిల్వర్ ఓక్ ఎదిగాక వాటి మొదట్లో మిరియాల తీగలు పెట్టాడు. నాకు ఊహ తెలిసేసరికి తోట నా ఎత్తుకి వచ్చింది. మార్చి నెలాఖరులో ఓ పూత వాన పడితే, ఆ తరవాత వారం పది రోజులకి వాలంతా తెల్లగా పూసేది. మూడు రోజులుండేది ఆ పూత. ఆ మూడు రోజులూ తాత పని మానేసి మరీ తోటలో తిరిగేవాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

పంట వచ్చాక సంతోషం అంత ఉండేది కాదు. అప్పట్లో కాయ కొయ్యడమంటే కొమ్మ పట్టుకుని దూసెయ్యడమే. పచ్చివి, దోరవి, పండువి, ఎండినవి అన్నీ ఒకే గంపలోకి. కళ్ళంలో మట్టి మీద పోసి, తొక్కతో సహా నల్లగా గలగలలాడేదాకా ఎండబెట్టి, ఎండు చెర్రీ అని అమ్మేవాళ్ళం. ఇటెల పండక్కో, పెళ్ళికో ముందే డబ్బు ఇచ్చిన సావుకారు పంట కాలానికి సంచులు పట్టుకుని వచ్చేవాడు. తూకం ఆయనదే, ధర ఆయనదే. గిరిజన కార్పొరేషన్ వాళ్ళు 1956 నుంచీ ఏజెన్సీలో అటవీ సరుకు కొంటున్నా, చేసిన అప్పు ఉన్నాక సరుకు అప్పు ఇచ్చినవాడి దగ్గరికే పోతుంది. 2001, 2002లో ప్రపంచమంతా కాఫీ ధర పడిపోయినప్పుడు మా ఊళ్ళో కొందరు మొక్కలు పీకేశారు కూడా. ధర ఎక్కడ, ఎందుకు పడిందో మాకు చెప్పేవాళ్ళు లేరు. సావుకారు ఈ ఏడాది ఇంతే అన్నాడు, అంతే.

ఇంత కాఫీ పండించి మేం కాఫీ తాగేవాళ్ళం కాదు. పొద్దున్నే చోడి అంబలి. సంతకెళ్తే టీ. కాఫీ గింజలోంచి తాగేది ఎలా వస్తుందో నానమ్మకి ఎవరూ చూపించలేదు. ఆవిడకి అది అమ్ముకునే సరుకు, పిప్పళ్ళలాగా, కరక్కాయలాగా.

తరవాత మా ఇంటికి బేబీ పల్పర్ వచ్చింది. చేత్తో తిప్పే చిన్న యంత్రం. పై తొట్టిలో పళ్ళు పోసి చక్రం తిప్పితే తొక్క ఒకవైపు, జిగురు పట్టిన గింజ ఒకవైపు పడతాయి. పిల్లలకి ఆ చక్రం తిప్పడం ఆట. నేను ఆశ్రమ పాఠశాల నుంచి సంక్రాంతి సెలవులకి వస్తే తమ్ముడితో దానికోసం పోట్లాడేదాన్ని. అలా తొక్క తీసిన గింజని తొట్టిలో ఒకటి రెండు రోజులు నానబెట్టి, జిగురు వదిలాక నాలుగైదు నీళ్ళు కడిగి ఎండబెడితే పార్చిమెంటు అవుతుంది. దీనికి ఎండు చెర్రీ కంటే మంచి ధర. కాని కడిగిన నీళ్ళన్నీ గెడ్డలోకే, అంటే వాగులోకే పోయేవి. డిసెంబరులో గెడ్డ పుల్లటి కుళ్ళు వాసన కొట్టేది. దిగువన బట్టలుతుక్కునేవాళ్ళు, పశువులకి నీళ్ళు పెట్టుకునేవాళ్ళు మా మీద కోపగించుకునేవాళ్ళు. వాళ్ళ కోపం న్యాయమైనదే. నానమ్మకి ఇది బాధగా ఉండేది. గెడ్డ చెడగొట్టుకుని డబ్బులేటి చేసుకుంటాం అనేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖ గురించి అందరూ రాశారు, చూపించారు. కొండల మీద ఏం జరిగిందో అంతగా రాలేదు. ఎత్తుగా ఎదిగిన సిల్వర్ ఓక్ చెట్లు వేళ్ళతో సహా లేచి కాఫీ మీద పడ్డాయి. కాయ పండబోయే నెల అది. చెట్టు కింద నలిగిపోయిన మొక్కలు కొన్ని. నలగకుండా నిలిచినవి నీడ లేక మాడిపోయాయి. మేం పెంచే అరబికా రకం కాఫీ మొక్క నీడ పోతే కాండం తొలిచే తెల్ల పురుగుకి దొరికిపోతుంది. మరుసటి రెండేళ్ళు ఆ పురుగు మిగిలిన తోటని తినేసింది. తాత పడిపోయిన చెట్ల మధ్య కూర్చుని ఏ మొక్క ఏ ఏడు పెట్టాడో చెప్పుకుంటూ ఉండేవాడు. తోట మళ్ళీ లేవడం ఆయన చూడలేదు.

నాన్న మళ్ళీ నాటాడు. చంద్రగిరి రకం మొక్కలు తెచ్చి, త్వరగా నీడకొచ్చే చెట్లు వేసి, మిగిలిన పాత మొక్కల్ని కత్తిరించి చిగురు పట్టించాడు. కాని పంట బాగా తగ్గిపోయింది. సంచులకొద్దీ అమ్మే రోజులు అయిపోయాయి కాబట్టి, ఉన్న కాస్త కాయకీ ఎక్కువ ధర రావాలి. అలాంటప్పుడు, మంచి కాఫీ కొంటామంటూ ఊళ్ళలోకి వస్తున్నవాళ్ళలో ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. బెంగళూరు వైపు వాడు. తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాడు గాని మాట కలిపే మనిషి. మీ నీళ్ళ గొడవ పోవాలంటే హనీ పద్ధతి చెయ్యండి, కడగక్కర్లేదు అన్నాడు. మా దగ్గరికి రాకముందే కోస్టారికా రైతులు దీనికి పేరు తెచ్చిపెట్టారట. ఇందులో తేనె చుక్క కూడా ఉండదు. పండు తొక్క మాత్రమే తీసి, గింజ చుట్టూ ఉండే ఆ తియ్యటి జిగురుని కడిగెయ్యకుండా దానితోనే ఎండబెడతారు, అంతే.

అంతే అన్నాను గాని, ఆ జిగురుతోనే వస్తుంది చిక్కంతా. కడిగిన గింజ దేనికీ అంటుకోదు, గబగబా ఎండుతుంది. తొక్కతో ఉన్న పండుకి తొక్కే కాపలా. జిగురుతో ఉన్న గింజకి ఏ రక్షణా లేదు. ఈగలు ముసురుతాయి, చీమలు పడతాయి, దుమ్ము అంటుతుంది. ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడుతుంది. ముద్ద లోపల చెమ్మ నిలిస్తే పులుస్తుంది, బూజు పడుతుంది. కుర్రాడు ఇదంతా నాన్నకి జాగ్రత్తగా చెబుతున్నాడు. మందం అంగుళం మించకూడదు, మొదటి రోజు అరగంటకోసారి కదపాలి, మంచు దిగేలోపు కప్పాలి, కప్పినా గాలి ఆడాలి. నానమ్మ అరుగు మీద కూర్చుని అంతా విని, "ఇది సింతపండే కదా బాబూ" అంది. ఆ కుర్రాడికి అర్థం కాలేదు. నాన్నకి అయింది.

ఆ రోజు నుంచి ఎండబెట్టే పని నానమ్మది. నాన్న వెదుళ్ళు నరికి నడుమెత్తు మంచెలు కట్టాడు. పైన వల పరిచాడు, కిందనుంచీ గాలి తగలాలని. ఆ మంచెలు ఎక్కడ వెయ్యాలో చెప్పింది నానమ్మే. ఇంటి ముందు కళ్ళంలో చదునుగా ఉందని నాన్న అక్కడ గుంజలు పాతితే, పొద్దుటి ఎండ అక్కడికి ఆలస్యంగా వస్తుందని పీకించి, తూర్పు వాలుకి తిరిగిన గరువులో వేయించింది. అక్కడ మంచు ముందు విడుస్తుంది. గంట ఎండ ఎక్కువ దొరికింది. మా కొండల్లో గంట ఎండంటే చాలా ఎక్కువ.

కోత కూడా మారిపోయింది. ముదురెరుపు తిరిగిన పండు ఒక్కటే కొయ్యాలి. అందుకని ఒకే మొక్క దగ్గరికి నవంబరు నుంచి జనవరి దాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. కోసినవాటిని నీళ్ళ డ్రమ్ములో పోస్తే పురుగు తిన్నవి, పొల్లువి తేలతాయి. వాటిని తీసి పక్కన పెట్టెయ్యాలి. మునిగినవి ఆ సాయంత్రమే పల్పర్‌లోకి. రాత్రి ఉంచితే పులుపు మొదలవుతుంది. చీకట్లో లైటు పెట్టుకుని చక్రం తిప్పిన రాత్రులు చాలా ఉన్నాయి. ఆ చక్రంతో పిల్లలుగా ఆడుకున్న నేనూ తమ్ముడూ అప్పటికి పెద్దవాళ్ళమైపోయాం. నేను విశాఖలో చదువుకుంటూ సెలవులకి వచ్చేదాన్ని, తమ్ముడు తోటలోనే నిలబడ్డాడు.

హనీ గింజని చేత్తో పట్టుకున్నవాళ్ళకి ఆ అనుభవం మరిచిపోవడం కష్టం. పల్పర్ నుంచి పడగానే లేత పసుపుగా, జారుడుగా ఉంటుంది, పిడికిట్లో నిలవదు. నాకితే తియ్యగా ఉంటుంది. పిల్లలుగా ఉన్నప్పుడు కాఫీ పండు చప్పరించి గింజ ఊసేసేవాళ్ళం, అదే రుచి. మధ్యాహ్నానికి పైన జిగురు బిగుసుకుని వేళ్ళకి సాగుతుంది. రెండో రోజు నుంచి అసలు పరీక్ష. గింజలు గుత్తులు గుత్తులుగా అతుక్కుంటాయి. గొర్రు పెట్టి లాగితే గుత్తి గుత్తిగానే పక్కకి జరుగుతుంది తప్ప విడదు. నానమ్మ గొర్రు పక్కన పెట్టేసి, రెండు అరచేతుల మధ్య గుత్తిని పెట్టి, నలపకుండా దొర్లించి విడదీసేది. పిక్క తీసిన చింతపండు మడతల్ని విప్పే పద్ధతే. గట్టిగా నలిపితే గింజ మీది పొర చిట్లుతుంది, చిట్లిన గింజకి చెమ్మ తగిలితే పాడు. "ఒలే గుంటా, బలం కాదే, ఓపిక" అని నా చేతులు పట్టుకుని దొర్లించి చూపించింది. నాలుగో రోజుకి రంగు తేనెరంగులోకి తిరుగుతుంది. ఆ తరవాత రోజురోజుకీ ఎరుపు, గోధుమ, చివరికి ముట్టుకుంటే అంటని గట్టి పొర. ఎండ బాగా ఉంటే రెండు వారాలు, మబ్బు పడితే మూడు దాటుతుంది.

ఈ రంగుల్ని బట్టే కొనేవాళ్ళు పేర్లు పెడతారు. పల్చగా పరిచి ఎండలో తొందరగా ఆరినది పసుపు హనీ. నీడలో నిదానంగా ఆరినది ఎర్ర హనీ. ఇంకా మందంగా పోసి, కప్పి, ఎక్కువ రోజులు ఆరబెట్టినది నల్ల హనీ. నల్లదానికి ధర ఎక్కువని విని తమ్ముడు మనమూ చేద్దామన్నాడు. మన మంచుకి అది నిలవదురా, అది ఎండ గట్టిగా కాసే ఊళ్ళ పని అని నానమ్మ ఒప్పుకోలేదు. మేం పసుపు, ఎరుపు దగ్గరే ఆగాం. ఆవిడ మాటే సరైనదని నేనిప్పటికీ అనుకుంటాను. ధర చూసి పద్ధతి ఎంచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆకాశం చూసి ఎంచుకునేవాళ్ళు తక్కువ.

ఆవిడ ముక్కు గురించి కూడా చెప్పాలి. పొద్దున్నే బరకం ఎత్తగానే వంగి వాసన చూసేది. పండు వాసన వస్తే సరే. కాస్త పుల్లగా ఉంటే గబగబా పల్చన చేయించేది. ఇప్పసారా వాసన తగిలిందా, ఆ మంచె మీదిది వేరుచేసి పక్కన పెట్టాల్సిందే. కొనుగోలుదారు పంపిన తేమ మీటరు తరవాత వచ్చింది. అది పదకొండు శాతం చూపిస్తే సంచికెత్తొచ్చు. ఆవిడ మాత్రం గింజ పంటికింద పెట్టి కొరికేది. పన్ను దిగితే ఇంకా ఎండాలి, దిగకుండా టక్కుమంటే ఎండినట్టు. మీటరు పెట్టి చూస్తే ఆవిడ పన్ను చెప్పిందానికి పెద్ద తేడా ఉండేది కాదు. ఆ కుర్రాడు అది చూసి, తను శిక్షణ ఇచ్చే మిగతా ఊళ్ళ నుంచి ఆడవాళ్ళని మా ఇంటికి తీసుకురావడం మొదలుపెట్టాడు.

ఒక డిసెంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి ముసురు వదల్లేదు. మంచెల మీద రెండో రోజు సరుకు ఉంది, అంటే జిగురు బాగా ముదిరి అంటుకునే దశ. పొయ్యి మీది అటక మీద వేద్దామన్నారు, చింతపండుకైతే అదే చేస్తాం. కుర్రాడు ఫోన్లో వద్దే వద్దన్నాడు. కాఫీ గింజ పొగ వాసన పీల్చేసుకుంటుంది, తాగేవాడికి మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. అప్పుడు చిన్నాన్న కొత్తగా కట్టుకున్న స్లాబు ఇంట్లో, ఇంకా గృహప్రవేశం కూడా కాలేదు, చాపలు పరిచి ఫ్యాన్లు వేసి గింజ పోశారు. కరెంటు పోయినప్పుడల్లా చాటలతో విసిరారు. నానమ్మ, అమ్మ, పిన్ని, పెళ్ళయి కొత్తగా వచ్చిన మా వదిన వంతులేసుకుని రాత్రంతా గుత్తులు విడదీశారు. అయినా కొంత సరుకు పోయింది. పోయినదాన్ని మంచిదాంట్లో కలిపేస్తే ఎవరికి తెలుస్తుందని ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన అన్నాడు. నానమ్మ ఆయనకి జవాబు చెప్పలేదు. పోయిన సరుకు తీసుకెళ్ళి తనే గోతిలో పోయించింది.

ఆ ఏడాది లాటు విశాఖలో రుచి చూసేవాళ్ళకి వెళ్ళింది. వందకి ఎనభై దాటితే స్పెషాలిటీ, అంటే మేలురకం కాఫీ అంటారు. మాది దాటింది. నాన్న ఆ కాగితాన్ని దేవుడి పటం వెనకాల పెట్టాడు. కొన్నాళ్ళకి కుర్రాడు మా గింజనే వేయించి పొడి చేసి చిన్న పొట్లం తెచ్చాడు. మా పొయ్యి మీదే నీళ్ళు కాచి, పాలు పొయ్యకుండా, బెల్లం వెయ్యకుండా గుడ్డలో వడగట్టి అందరికీ గ్లాసుల్లో ఇచ్చాడు. మా ఇంట్లో మా కాఫీ తాగడం అదే మొదలు. అమ్మ ఒక గుక్క తాగి పాలెయ్యకపోతే ఎలా అంది. నాన్న ఏమీ అనలేదు, మొత్తం తాగేశాడు. నానమ్మ నోట్లో పోసుకుని, చాలాసేపు అట్టేపెట్టి, మింగి, ఇంకాసేపు ఊరుకుంది. "సేదు తక్కువే" అంది. ఆ తరవాత, "పండు పోనేదురా దీన్లోంచి" అంది.

పెద్దపెద్ద రుచి నిపుణులు హనీ కాఫీ గురించి చాలా చెబుతారు. కడిగిన కాఫీకుండే పదునైన పులుపు ఇందులో మెత్తబడుతుందని, గుక్క కాస్త చిక్కగా తగులుతుందని, తీపి చివరిదాకా ఉంటుందని. అదంతా నిజమే, నాకూ ఇప్పుడు తేడా తెలుస్తుంది. కాని నానమ్మ అన్నదానికంటే బాగా చెప్పినవాళ్ళని నేను వినలేదు.

మా వైపు కాఫీకి పేరు రావడం కళ్ళారా చూశాం. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2022లో మా జిల్లా అల్లూరి సీతారామరాజు పేరుతో వేరుపడింది, ఇప్పుడీ జిల్లాలో కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది. ఇవన్నీ చదివినప్పుడు గర్వంగా ఉంటుంది, ఎందుకుండదు? అయితే పొట్లం మీద కొండ బొమ్మ ఉంటుంది, ఎత్తు రాస్తారు, రకం రాస్తారు, వేయించిన తేదీ రాస్తారు. గుత్తులు విడదీసిన చేతుల గురించి ఒక్క ముక్క ఉండదు. ఆరు కిలోల పండు కోసి, ఒలిచి, ఎండబెడితే చేతికొచ్చేది కిలో గింజ. ఆ కిలో గింజలో ప్రతి ఒక్కటీ ఎవరో ఆడమనిషి అరచేతుల్లో దొర్లి వచ్చిందే. ఇది అందరికీ తెలియాలి.

నానమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ చనిపోయిన ఏడాది కూడా నవంబరు కోతకి మంచెల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. చేతులు వంకరపోయి గుత్తులు విడదీయలేకపోయేది గాని, ఎండ తిరిగే వేళకి ఆవిడ కేక మాత్రం తప్పేది కాదు. "నీడొచ్చీసినాది, బరకాలు కప్పండర్రా!" పక్క తోటవాళ్ళు కూడా ఆ కేక విని తమవి కప్పుకునేవాళ్ళు.

ఇప్పుడా పని మా వదినది. నానమ్మ దగ్గర రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకున్న మనిషి. వదిన కొన్ని మార్పులు కూడా తెచ్చింది. మంచెల మీద ప్లాస్టిక్ పందిరి వేయించింది, ముసురు పట్టినా ఇదివరకటి భయం లేదు. పల్పర్ తొక్క గెడ్డలో పడకుండా గొయ్యి తీయించి ఎరువు చేసి తోటకే వేస్తోంది. దిగువ ఊరివాళ్ళతో గొడవ అలా తీరింది. 2025లో అరకు వైపు కాయ తొలిచే పురుగు కనబడ్డ తరవాత కోత అయ్యాక నేల మీద రాలిన పళ్ళు కూడా ఒక్కటి మిగలకుండా ఏరిస్తోంది. రాలిన పండులోనే ఆ పురుగు మళ్ళీ ఏటికి బతుకుతుంది కాబట్టి. పైగా ఇంట్లో తాగడానికని ప్రతి లాటు నుంచీ తవ్వెడు గింజ పక్కకి తీసి మంగలంలో వేయిస్తుంది. చోడి అంబలి మానలేదు, దాని తరవాత కాఫీ. పిల్లలకి బెల్లం వేసి ఇస్తుంది, తను వెయ్యకుండానే తాగుతుంది.

ఈమధ్య కాఫీ ధర బాగా పెరిగింది. ఈసారి మంచెలు రెట్టింపు చేసి మొత్తం పంట హనీగానే చేద్దామని మా తమ్ముడు, అన్నయ్య పట్టుబట్టారు. సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు ఇంట్లో అదే చర్చ. వెదుళ్ళు కూడా కొట్టి పెట్టుకున్నారు. వదిన బియ్యం చెరుగుతూ అంతా విని, "మంచెలు ఎన్నయినా కట్టొచ్చు, తిప్పే సేతులెన్నున్నాయో ముందది సెప్పండి" అంది. లెక్క వేస్తే అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పిన్ని కూతురు నర్సింగ్ చదువుకి పాడేరు వెళ్ళిపోయింది, వదిన, ఇంకో ఇద్దరు. అన్నయ్య తనూ వస్తానన్నాడు. అయితే ఈ ఏడాది నేర్చుకో, వచ్చే ఏటికి పెంచుదాం అంది వదిన. రెండు మంచెలకి మాత్రం సరిపడా వెదుళ్ళు ఉంచి, మిగతావి మిరియాల తీగలకి ఊతం పెట్టడానికి తోటలోకి మోయించింది.